ఆరు నిమిషాల నడకను ఎంతవరకు నమ్మవచ్చు?

మా మదరసాలో నాతోపాటు బోధించే ఒక పెద్దమనిషికి పసితనంలోనే ఎడమ కాలికి పోలియో సోకింది. నలభై ఏళ్లకు పైగా ఆయన కర్ర లేకుండానే తిరిగారు. ఐదారేళ్లుగా ఆ కాలితోపాటు, మంచిదనుకున్న కుడి కాలు కూడా పట్టు తప్పుతోంది. ఇటీవల ఫిజియోథెరపీ చేసేవారు ఆయనను ఆరు నిమిషాలు నడిపించి కొలిస్తే 380 మీటర్లు వచ్చింది. వారం తర్వాత 360. ఆ ఇరవై మీటర్లకే ఇంటిల్లిపాదీ కంటతడి పెట్టారు.

పోలియో అనంతర బలహీనత నిజమైనదే. ఆ వ్యాధి వెన్నుపాములోని చలన నాడీకణాలను నాశనం చేస్తుంది. మిగిలిన కణాలు కొత్త శాఖలు వేసి, దిక్కులేని కండర తంతువులను కూడా పోషిస్తాయి. దశాబ్దాలపాటు ఆ అదనపు భారం మోసిన కణాలు క్రమంగా అలసిపోతాయన్నది వైద్యులు ఎక్కువగా అంగీకరించే వివరణ. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది. అయితే అంతకుముందు దాని బారిన పడినవారు మన మధ్యనే వయసు మళ్లుతున్నారు.

వారి నడకను కొలవడానికి కొన్ని సులభమైన పరీక్షలున్నాయి: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం, పది మీటర్లు మామూలుగా, ఆపై వేగంగా నడవడం, ఆరు నిమిషాల నడక. ఏ మార్పూ లేని మనిషినే కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకెలు అచ్చంగా కలవవు. ఆ సహజమైన తేడా ఎంతో తెలిస్తేనే అసలు మార్పును గుర్తించగలం. స్వీడన్ పరిశోధకులు ఈ పరీక్షలను పోలియో బాధితులపై సరిగ్గా ఇలాగే పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షలు నమ్మదగినవేనని తేలింది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఎక్కువ మంది సగటులో హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సరిపోతాయి కనుక చిన్న మార్పుకు కూడా అర్థముంటుంది. ఒక్క మనిషి విషయంలో మార్పు అంతకంటే చాలా పెద్దదైతే తప్ప నిర్ధారించలేము. 380లో ఇరవై అంటే నూటికి ఐదు వంతులే.

పైగా మా మిత్రుని మొదటి పరీక్ష ఉదయం జరిగింది. రెండవది మధ్యాహ్నం, బస్సులో నిలబడి ప్రయాణించి, ఆస్పత్రి మెట్లెక్కిన తర్వాత. మొదటిసారి కుమారులిద్దరూ పక్కన నిలబడి "మాషా అల్లాహ్, ఇంకొంచెం అబ్బా!" అని ఉత్సాహపరిచారట. ప్రేమే, కాదనను, కొలతను మాత్రం అది పాడుచేస్తుంది. చెప్పులు, క్యాలిపర్, కర్ర, వేళ, నడిచే చోటు, చివరికి పరీక్షించేవారి మాటలు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. పరీక్షలో మెరుగుపడాలని ముందురోజుల్లో అతిగా నడిపించడం అసలే కూడదు. అలసిన కండరాలకు అది హాని.

ఈ నెల ఆరంభంలో ఉదయం వేళ, అవే చెప్పులతో, పిల్లలు పక్కన లేకుండా మళ్లీ కొలిస్తే 375 వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఒకప్పుడు ఆగకుండా మస్జిదుకు వచ్చే ఆయన, ఇప్పుడు దారిలో రెండుచోట్ల కూర్చుంటున్నారు. ఆ సంగతి ఏ పరీక్ష కాగితంలోనూ లేదు. ఈసారి వెళ్లినప్పుడు దానిని కూడా వైద్యునికి చెప్పమని ఆయనతో మాట తీసుకున్నాను.