పెద్ద తెర, వేడి, ఒక హింజ్

పౌర్ణమికి మనవాళ్లు బస్సులు కట్టుకుని గిరిప్రదక్షిణకు వెళ్లే తిరువణ్ణామలైలోనే ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం గడిచింది. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి జీవిత చరిత్ర రాసినవాడు. అరుణాచలం నీడలో పెరిగిన ఆ పిల్లవాడు 1981లో అమెరికాలో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరును బజారులో పెట్టాడు. చేత్తో మోసుకుపోయే కంప్యూటరును జనం నిజంగా కొనడం దానితోనే మొదలైంది. బరువు సుమారు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు, తెర మాత్రం ఐదంగుళాలు. లోపల బ్యాటరీ లేదు కాబట్టి ప్లగ్గు దొరికిన చోటే పని. పెద్దాపురంలో ఇవాళ ఎవరైనా ఆఫీసు పనికీ ఇంటి అవసరాలకూ కలిపి పదహారు, పదిహేడు అంగుళాల ల్యాప్‌టాప్ కొనాలని చూస్తున్నారంటే, ఆ యంత్రం చరిత్ర వెతుక్కుంటూ పోతే తేలేది ఆ ఐదంగుళాల తెర దగ్గరే.

మరుసటి ఏడాది, 1982లో, బిల్ మాగ్‌రిడ్జ్ రూపు దిద్దిన గ్రిడ్ కంపాస్ వచ్చింది. తెర మడిచి కీబోర్డు మీద మూసే పద్ధతి దానితోనే స్థిరపడింది. ధర 8,150 డాలర్లు. అంత సొమ్ము పెట్టగలిగింది పెద్ద కంపెనీలు, సైన్యం, నాసా. 1983లో అది స్పేస్ షటిల్ ఎక్కింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దాని ఒళ్లు. పెట్టెను మెగ్నీషియం మిశ్రమలోహంతో చేశారు. ఆ లోహం దెబ్బలకు తట్టుకోవడమే కాదు, లోపలి వేడిని పీల్చి బయటి గాలికి వదిలేది కూడా. గట్టిదనం, వేడి అనేవి రెండు వేరు సమస్యలు కావని ఆ యంత్రం చేసినవాళ్లకు మొదటిరోజే తెలుసు. కొనేవాళ్లం మాత్రం ఆ సంగతి తరచూ మరిచిపోతాం.

ఆ తర్వాత తెర నెమ్మదిగా పెరిగింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ 10.4 అంగుళాల రంగుల తెరతో వచ్చింది. 2003లో యాపిల్ 17 అంగుళాల పవర్‌బుక్ అమ్మింది. మన పల్లెలకు ల్యాప్‌టాప్ చేరిన దారి మాత్రం వేరు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టి, పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలను చేర్చుకుని, చేతికి తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఆ ఆలోచన వెనక చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఉన్నారు. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల సంచుల్లోంచి ఆ యంత్రం ఎన్నో ఇళ్లలో మొదటిసారి బయటికొచ్చింది. 2020లో లాక్‌డౌన్ పడ్డాక హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాలు కూడా గోదావరి జిల్లాల ఇళ్ల ముందుగదుల్లోకి వచ్చేశాయి.

పెద్ద తెర ఎందుకు? పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు వాళ్లను అడిగితే వెంటనే చెబుతారు. తెలుగు అక్షరం నిలువుగా చోటు అడుగుతుంది. పైన గుడి, ఏత్వం. కింద వత్తు, దాని కింద మరో వత్తు. ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. ఇంగ్లిషుకు సరిపోయిన వరుస ఎడం తెలుగుకు చాలదు. పాత 15.6 అంగుళాల చవక తెరలో అంగుళానికి దాదాపు 100 చుక్కలే ఉండేవి, వత్తులు ముద్దగా కనబడేవి. 2560 అడ్డం, 1600 నిలువు ఉన్న 16 అంగుళాల తెరలో అంగుళానికి 189 చుక్కలు పడతాయి. కళ్లకు ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. 14 అంగుళాల నుంచి 16కు వెళ్తే తెర వైశాల్యం సుమారు 30 శాతం పెరుగుతుంది, 17కు వెళ్తే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. తెలుగులో పనిచేసేవారు 16:9 కన్నా 16:10 తెర తీసుకోవాలని గట్టిగా చెబుతాను. కొలత అదే అయినా ఎత్తు ఎనిమిది శాతం ఎక్కువ దొరుకుతుంది. పట్టుకు పేరుపడ్డ పెద్దాపురంలో ఈ లెక్కకు ఇంకో వాడకమూ ఉంది. చేనేత డిజైన్లు గీసే గ్రాఫులో గడుల ఒక్కో నిలువు వరుసకూ ఒక్కో పోగు, వాటిని చూడటానికీ తెర మీద చోటు కావాలి.

ఇక వేడి. ల్యాప్‌టాప్ ఆయుష్షు చాలావరకు ఇక్కడే తేలుతుంది. ప్రాసెసర్ మీద రాగి గొట్టం ఒకటి ఆనుకుని ఉంటుంది. గాలి తీసేసిన ఆ గొట్టంలో కాసిని నీళ్లు. ప్రాసెసర్ వేడికి నీరు ఆవిరై రెండో కొసకు పరుగెడుతుంది. అక్కడ సన్నని లోహపు రేకుల గుండా ఫ్యాను గాలి వీస్తుంటే చల్లబడి మళ్లీ నీరై, లోపలి నూలువంటి పొర వెంట వెనక్కి పాకుతుంది. ఆగకుండా సాగే ఈ తిరుగుడు ఎంత వేడిని తీసుకెళ్లగలదనేది గదిలోని గాలి మీద ఆధారపడుతుంది. ప్రాసెసర్‌ను 95 డిగ్రీలకు మించనివ్వకూడదనుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీలు ఉంటే తేడా 70. మే నెల మధ్యాహ్నం పెద్దాపురంలో గది 40కి చేరితే తేడా 55. వేడి బయటికి పోవడం ఈ తేడాను బట్టే కాబట్టి, అదే యంత్రం అదే ఫ్యానుతో సుమారు ఐదో వంతు తక్కువ వేడిని వదులుతుంది. అప్పుడు ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. రివ్యూల్లో చూసి మురిసిన అంకెలు మన గదిలో రాకపోవడానికి ఒక కారణం ఇదే. అందుకే ఒకే ప్రాసెసర్ ఉన్న రెండింటిలో పలుచనిది కాక కాస్త మందంగా, రెండు ఫ్యాన్లతో, అడుగున గాలి కన్నాలు ధారాళంగా ఉన్నది తీసుకోవాలి. పెద్ద ల్యాప్‌టాప్‌కున్న అసలు లాభం కూడా ఇదే, రేకులకూ ఫ్యాన్లకూ లోపల చోటుంటుంది. పరుపు మీద పెట్టి వాడితే ఆ లాభమంతా పోతుంది. దుమ్ము ఏడాదికోసారి దులిపించాలి. మూడు నాలుగేళ్లకు ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోతే మార్పించాలి.

రెండో శత్రువు హింజ్, అంటే తెర ఉన్న మూత తిరిగే కీలు. మూత పొడవు పెరిగేకొద్దీ దాని మొదట్లో పడే బలం పెరుగుతుంది, పలుగు పొడవు పెరిగితే రాయి తేలిగ్గా లేచినట్టు. మూతను ఒక మూల పట్టుకుని ఎత్తితే ఆ బలమంతా ఒక్క హింజ్ మీద పడుతుంది. చవక రకాల్లో ఆ హింజ్ మరలు ప్లాస్టిక్‌లో గుచ్చిన చిన్న ఇత్తడి బుడిపెల్లో బిగించి ఉంటాయి. ఇత్తడి ఊడిందంటే మూత బిగియదు, తెర తీగలు తెగుతాయి. షాపులో ఒక్క వేలితో మూత నడుమ పట్టి తెరవండి, ఆ తర్వాత మూల పట్టి మెల్లగా కదిపి చూడండి. మిలిటరీ ప్రమాణం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అన్న అచ్చు కనిపిస్తే, ఏయే పరీక్షలు చేశారో అడగండి. ఆ ప్రమాణంలో పరీక్షలు చాలా ఉన్నాయి, వాటిలో ఏవి చేయాలన్నది తయారీదారు ఎంచుకుంటాడు. లోహపు ఒళ్లున్నది కొంటే ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోవాలి. ఎర్తింగ్ లేని పాత ఇళ్లలో ఛార్జింగ్ పెట్టినప్పుడు చెయ్యి ఆనితే జివ్వుమంటుంది. అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు అది. ల్యాప్‌టాప్ పాడైందని దానికోసం మార్చుకోనక్కర్లేదు, మూడు కాళ్ల ప్లగ్గుకు సరైన ఎర్త్ ఇస్తే చాలు.

బ్యాటరీకి పైహద్దు విమానాలు పెట్టాయి. ప్రత్యేక అనుమతి లేకుండా 100 వాట్-అవర్లలోపు బ్యాటరీనే విమానంలో తీసుకెళ్లనిస్తారు కాబట్టి, పెద్ద ల్యాప్‌టాపుల బ్యాటరీలు 99 దగ్గర ఆగిపోతాయి. రాతపనికి 15 వాట్లు తాగితే ఆరు గంటలు పైన వస్తుంది, వీడియో ఎడిటింగుకు 50 వాట్లు తాగితే రెండు గంటలు. కరెంటు పోతే గంటా రెండు గంటలు నెట్టుకురావడానికి ఇది చాలు. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవారు ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు వెతికి పెట్టుకోవాలి. నిండా నింపిన లిథియం కణాలు ఎండాకాలం వేడిలో త్వరగా ముసలివవుతాయి.

ర్యామ్ మాత్రం కొనేముందే తేల్చుకోవాలి. చాలా పలుచని మోడళ్లలో దాన్ని బోర్డుకే టంకం వేసి అతికిస్తున్నారు. చోటు ఎక్కువున్న పెద్ద మోడళ్లలో ఇంకా స్లాట్లు దొరుకుతాయి. 2023 డిసెంబరులో జెడెక్ సంస్థ క్యామ్2 అనే కొత్త ప్రమాణం ప్రకటించింది, పలుచగా ఉంటూనే మరలు విప్పి మార్చుకునే ర్యామ్ అది. ఇవాళ 16 జీబీతో మొదలుపెట్టి నాలుగేళ్ల తర్వాత 32 చేసుకునే వీలుండాలి. అడుగు మూత మామూలు స్క్రూలతో విప్పొచ్చా, బ్యాటరీని స్క్రూలతో బిగించారా జిగురుతో అంటించారా, కీబోర్డు విడిగా దొరుకుతుందా, ఆ కంపెనీ సర్వీసు సెంటర్ కాకినాడలో ఉందా రాజమండ్రి వెళ్లాలా — డబ్బు కట్టేముందు ఈ నాలుగూ అడిగి, జవాబు బిల్లు వెనకాలే రాయించుకోండి.