మీ ఇంట్లో ఎన్ని కత్తులు, ఎన్ని పేర్లు?

టెంకాయ కొట్టేది, కూరకాయలు తరిగేది, వక్కలు కత్తిరించేది మీ ఇంట్లో ఒకటే కత్తా? కాదు కదా! కాని మన పిల్లలను అడిగితే అన్నిటికీ 'కత్తి' అనే అంటారు, లేకుంటే తమిళ పేరు చెప్తారు. తమిళ పేరు తెలియడం మంచిదే. దాంతోబాటు ఇంట్లో అవ్వ చెప్పే పేరు కూడా తెలియాల.

నేల మీద కూర్చుని తరిగేది కత్తిపీట. పీటను కాలితో తొక్కిపెట్టి, నిలువుగా లేచిన అలుగు మీదికి కాయను రెండు చేతులతో నెడతాం. ఇక్కడ కత్తి కదలదు, కాయే కదులుతుంది. చిత్తూరు వైపు దీన్ని ఈలపీట అంటారు. కన్నడంలో ఈళిగెమణె, తమిళంలో అరివాళ్‌మణై, మాటల్లో అరువామనె. మణై, మణె అన్నా పీటే. మూడు భాషలవాళ్ళూ ఒకే తీరుగా పేరు పెట్టినారు చూడండి.

చేత పట్టుకుని కోసే చిన్నది చాకు. ఇది ఫారసీ నుంచి వచ్చిన మాట, హిందీలోనూ ఉంది. వక్కలకు అడకత్తెర, తమిళంలో పాక్కువెట్టి. ఎటూ తప్పించుకోలేనివాణ్ణి 'అడకత్తెరలో పోకచెక్క' అంటాం. అడకత్తెరను ఒకసారైనా చూడని పిల్లలకు ఆ మాట ఎట్లా తెలుస్తుంది?

ఇక పొలం. వరి కోసే కొడవలికి సన్నని కక్కులుంటాయి. కొడవలి, తమిళ కొడువాళ్ అక్కచెల్లెళ్ళే; 'కొడు' అంటే వంపు. కొమ్మలు నరికే మందపాటిది మచ్చుకత్తి. అరివాళ్ళకు పేరుపడ్డ తిరుప్పాచెత్తి మదురైవాళ్ళకు దగ్గరే.

గడ్డం గీసే కత్తి అంటే కోయంబత్తూరువాళ్ళకు జి.డి.నాయుడు గారు గుర్తు రావాల. 1893లో కలంగల్‌లో పుట్టిన మన తెలుగింటి మనిషి. బ్యాటరీతో నడిచే 'రసంత్' రేజరును రూపొందించినవారు ఆయనే.

పనిముట్ల పేర్లు జిల్లా జిల్లాకూ మారతాయి. వాటిని సేకరించి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, వెలువడింది. గొప్ప పని. అయితే అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాటలకు చేసిన పుస్తకం. నాయక రాజుల కాలం నుంచి ఇక్కడ ఉన్న మన పల్లెల మాటలు అందులోకి రాలేదు. అవి అవ్వాతాతల నోటనే ఉన్నాయి. వాళ్ళను ఇప్పుడు అడక్కపోతే తర్వాత అడగను ఎవరూ ఉండరు.

అందుకని పిల్లలూ, ఈ వారం అవ్వనో తాతనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఒక్కొక్క కత్తి బొమ్మ గీసి, పక్కన వాళ్ళు చెప్పిన పేరు, మీ ఊరి పేరు, దాంతో చేసే పని రాయండి. పుస్తకంలో ఉన్నట్టు దిద్దవద్దు. వాళ్ళు ఎట్లా పలికితే అట్లే రాయండి. అమ్మానాన్నలూ, చిన్నపిల్లల తరఫున మీరే రాసి పంపవచ్చు. కాగితం తెలుగు టీచరుకు ఇవ్వండి. కత్తులు మాత్రం బడికి తేవద్దు, పేర్లు చాలు!