తడి చెత్తతో వంట గ్యాస్!

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ప్లాస్టిక్ కవర్లు... అన్నీ ఒకే సంచిలో కట్టి గుమ్మం బయట పెట్టేస్తుంటాం. తెల్లారేసరికి అది కుళ్లి వాసన కొడుతుంది. ఈగలు, బొద్దింకలు చేరతాయి. ఆ ఈగలే మన ఆహారం మీద వాలి విరేచనాల వంటి జబ్బులు తెచ్చిపెడతాయి. చెత్తను తగలబెడితే ఆ పొగతో ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. అదే తడి చెత్తను విడిగా ఉంచితే ఇంధనమవుతుంది.

హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టే ఇందుకు ఉదాహరణ. అక్కడ ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల వరకు కరెంటు, 30 కిలోల దాకా వంట గ్యాస్ తీసేలా దీన్ని రూపొందించారు.

ప్లాంటుకూ అజీర్తి!

గాలి చొరబడని ట్యాంకులో కొన్ని సూక్ష్మజీవులు వ్యర్థాలను ఆమ్లాలుగా మారుస్తాయి. మరికొన్ని వాటి నుంచి మీథేన్ తయారుచేస్తాయి. బయోగ్యాస్‌లో సగానికి పైగా ఉండేది ఇదే. ఒక రకంగా ఈ ట్యాంకు మన కడుపు లాంటిది. విందులో మిగిలిందంతా ఒకేసారి పోస్తే ఆమ్లం పెరిగిపోయి గ్యాస్ తయారీ ఆగిపోతుంది. అందుకే రోజూ కొద్దికొద్దిగానే వేయాలి.

ఇంట్లో పెట్టుకుంటే...

* మొదట పేడ నీళ్లు నింపాలి. గ్యాస్ రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.
* వ్యర్థాలను చిన్న ముక్కలు చేసి, నీళ్లు కలిపి వేయాలి.
* ఎముకలు, కొబ్బరి చిప్పలు, గుడ్డు పెంకులు, సబ్బు నీళ్లు, ఫినాయిల్ వేయొద్దు. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువ కాకూడదు.
* ట్యాంకుకు ఎండ తగలాలి. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది.
* బయటికొచ్చే ద్రవాన్ని నీళ్లలో కలిపి మొక్కలకు పోయొచ్చు.

ఒక్క ఇంటి చెత్తతో సిలిండర్‌ను పూర్తిగా మానేయలేం. కొంత ఆదా అవుతుంది, అంతే. అపార్ట్‌మెంట్‌వాసులంతా కలిసి పెట్టుకుంటే మేలు.

జాగ్రత్త

బయోగ్యాస్‌లో కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఇది విషవాయువు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లీకైనట్టే. వెంటనే వాల్వు కట్టేసి, కిటికీలు తెరవండి. అగ్గిపుల్ల గీయొద్దు, స్విచ్చులు వేయొద్దు. ఈ వాయువు మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే ఖాళీ ట్యాంకులోకైనా ఎవరూ దిగకూడదు. శుభ్రం చేసే పని నిపుణులకే వదిలేయండి.

ప్లాంటు లేకున్నా ఫర్వాలేదు. కూరలు తరిగే చోట తడి చెత్తకు విడిగా ఓ డబ్బా పెట్టుకోండి. అందులో ప్లాస్టిక్, బ్యాటరీలు, డైపర్లు పడకుండా చూసుకోండి. అవి కలిస్తే ఆ చెత్త ప్లాంటుకు పనికిరాదు.