గదికొక హెడ్ అనే ఖరీదైన అపోహ

బోస్టన్ చుట్టుపక్కల వందేళ్ల నాటి చెక్క ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాల్లో హీట్ పంప్ గురించి ఒక సలహా నోటినోటా తిరుగుతోంది. "పాత ఇల్లు కదా, చలిగాలి దూరుతుంది. గదికొక హెడ్ (గోడకు బిగించే లోపలి యూనిట్) పెట్టించండి, బయటి యూనిట్ మాత్రం ఉన్నవాటిలో పెద్దది తీసుకోండి." ఇది నమ్మి వేల డాలర్లు పోసినవాళ్లు మొదటి చలికాలంలోనే తల పట్టుకుంటున్నారు. పడకగదిలో కాసేపు ఉక్క, కాసేపు వణుకు. కరెంటు బిల్లు చూస్తే గుండె జారిపోతుంది. చివరికి నింద హీట్ పంప్ మీద పడుతోంది. తప్పు యంత్రానిది కాదు, ఆ సలహాదే.

అపోహ: ఎన్ని గదులుంటే అన్ని హెడ్లు, యూనిట్ ఎంత పెద్దదైతే అంత వెచ్చదనం.

వాస్తవం: విజయవాడలోనో హైదరాబాదులోనో గదికి ఒకటిన్నర టన్ను ఏసీ బిగించిన అలవాటు మనది. అక్కడ ఏ గది యూనిట్ దానిదే. ఒకటి ఆపితే ఇంకోదానికి సంబంధం లేదు. మల్టీ-జోన్ హీట్ పంప్ అలా కాదు. నాలుగైదు హెడ్లు ఒకే కంప్రెసర్‌ను పంచుకుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

లెక్క వేసి చూడండి. బయట 10 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రాత్రి ఒక పడకగదికి గంటకు 3,500 బీటీయూల వేడి కావాలనుకుందాం. లోపల 70 ఉండాలంటే తేడా 60 డిగ్రీలు. అంత చలి రాత్రులు ఏడాదిలో కొన్నే. బయట 45 ఉన్న రోజు తేడా 25కి దిగుతుంది. అప్పుడు కావలసింది దాదాపు 1,500 బీటీయూలు. మామూలుగా దొరికే హెడ్లలో చిన్నదే 6,000 బీటీయూలది. ఐదు హెడ్లు నడిపే బయటి యూనిట్ ఎంత తగ్గినా, చాలా మోడళ్లలో పది వేల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఒక్క పడకగదే వేడి అడిగినప్పుడు ఆ కంప్రెసర్ కొద్ది నిమిషాలు నడిచి, గదిని అతిగా వేడెక్కించి, ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఇదే వరస. ఇన్వర్టర్ కంప్రెసర్ కరెంటు ఆదా చేసేది నెమ్మదిగా, ఆగకుండా నడిచినప్పుడే. ఆగుతూ మొదలవుతూ ఉంటే ఆ ఆదా పోతుంది, యంత్రమూ త్వరగా అరుగుతుంది. వేసవిలో ఇంకో తంటా: గది చప్పున చల్లబడుతుంది గానీ గాలిలో తేమను లాగే వ్యవధి ఉండదు. చల్లగా ఉన్నా చెమ్మ వదలదు.

"వాడని గదిలో హెడ్ ఆపేస్తే మిగులుతుంది కదా" అని అడుగుతారు. అనుకున్నంత మిగలదు. హీటింగ్ నడుస్తున్నప్పుడు ఆపేసిన హెడ్‌లోకి కూడా కొంత రిఫ్రిజెరెంట్ పారుతూనే ఉంటుంది. ద్రవం అక్కడ పేరుకుపోకుండా చాలా యూనిట్లను అలాగే తయారుచేస్తారు. ఎవరూ లేని గది వేడెక్కుతుంది, ఆ ఖర్చు మీదే. పైగా మామూలు మల్టీ-జోన్‌లో హెడ్లన్నీ ఒకే పని చేయాలి. ఒక గదిలో వేడి, ఇంకో గదిలో చల్లదనం అడిగితే ఒకరు ఆగాల్సిందే.

పాత ఇల్లు కాబట్టి ఎక్కువ కావాలన్న వాదన కూడా నిలవదు. పాత ఇల్లు కాబట్టే కొలవాలి. కొన్ని ఇళ్ల గోడల్లో ఎప్పుడో ఇన్సులేషన్ నింపి ఉంటారు, కొన్నింటిలో చేతికి ఖాళీ గోడే తగులుతుంది. గది గదికీ గోడలు, కిటికీలు, అటక, చొరబడే గాలి చూసి వేసే లెక్క ఒకటుంది. దాని పేరు మాన్యువల్ జె. చదరపు అడుగుల్ని ఏదో ఒక అంకెతో హెచ్చవేయడం ఆ లెక్క కాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు.

గడ్డకట్టే చలికి హీట్ పంప్ ఆగిపోతుందా? సగానికి పైగా ఇళ్లు ఆయిల్‌తో వెచ్చబడే మెయిన్ రాష్ట్రం 2025 నాటికి లక్ష హీట్ పంప్‌లు బిగించాలని 2019లో లక్ష్యం పెట్టుకుని, 2023లోనే దాటేసింది. చలి ప్రాంతాల కోసం చేసిన మోడల్ కొనండి, చాలు.

గోడలు పగలగొట్టాలా? ఒక్కో హెడ్‌కి సుమారు మూడంగుళాల రంధ్రం సరిపోతుంది.

బయటి యూనిట్ నుంచి తెల్లటి పొగ వస్తోందా? అది పొగ కాదు, కాయిల్ మీది మంచు కరిగించేటప్పుడు లేచే ఆవిరి.

ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఇంకా ఉందా? 2025 డిసెంబరు 31 తర్వాత బిగించినవాటికి లేదు. ఉందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మకండి.

ఒక్క విమర్శ మాత్రం ఒప్పుకోక తప్పదు. "హీట్ పంప్ పెట్టాక బిల్లు పెరిగింది" అనేవాళ్లందరూ పొరబడటం లేదు. ఆయిల్ నుంచో, గోడవార కరెంటు హీటర్ల నుంచో మారినవాళ్లకు సాధారణంగా ఖర్చు తగ్గుతుంది. సహజవాయువు బాయిలర్ నుంచి మారితే, మాసచుసెట్స్ కరెంటు ధరలతో, తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. సంతకానికి ముందే మీ పాత బిల్లులు ముందు పెట్టుకుని చూసుకోండి.

ఇక చేయవలసింది. మొదట అటకలో, బేస్‌మెంట్‌లో సందులు మూయించి, ఇన్సులేషన్ వేయించండి. ఆ తర్వాతే యూనిట్ సైజు తేల్చండి. ఇంట్లో పాత నాబ్-అండ్-ట్యూబ్ వైరింగ్ ఇంకా కరెంటుతో ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా గోడల్లో ఇన్సులేషన్ నింపనివ్వకండి. కింది హాలుకు ఒక బయటి యూనిట్‌తో ఒకే హెడ్, పైన పడకగదులన్నింటికీ కలిపి అటకలో చిన్న డక్టెడ్ యూనిట్ పెట్టడం చాలా ఇళ్లకు ఐదు హెడ్ల కంటే మేలు. బయటి యూనిట్‌ను మంచు పేరుకునే ఎత్తు కంటే పైన స్టాండు మీద నిలపండి. బాయిలర్‌ను తొందరపడి తీసేయకండి. దాని నుంచి వృథాగా పోయే వేడే ఇన్నాళ్లూ బేస్‌మెంట్‌లోని నీటి గొట్టాలను గడ్డకట్టకుండా కాపాడుతూ వచ్చింది. పైపులు బిగించాక నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేసి, వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దించారా అని దగ్గరుండి అడగండి.

కాంట్రాక్టరు వచ్చినప్పుడు రెండే ప్రశ్నలు వేయండి: "గది గదికీ వేసిన లెక్క కాగితం ఏది? ఈ బయటి యూనిట్ కనీసం ఎన్ని బీటీయూలకు దిగుతుంది?" జవాబు లేకుండానే హెడ్ల సంఖ్య చెప్పేవాళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టకండి.