వాగులందలి ప్రాతయెముకలు - శఫదంతవిచారము

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలందు వాగుగట్లు కోసికొనిపోయినచోట ప్రాతయెముకలు బయల్పడిన నవి రాక్షసులవని చెప్పువారు నేటికిని గలరు. బళ్లారి చెంతనున్న కుడతిని బూడిదదిబ్బ హిడింబాసురుని చితాభస్మమని ప్రతీతి. పండితులు దీనిని పరిహసించి యూరకుండుట తగదు. పరీక్షకు వలయు పరిభాష మనచేతనే యున్నది.

మనుస్మృతి భక్ష్యాభక్ష్యప్రకరణమున ఏకశఫ, ఏకతోదచ్ఛబ్దములు గలవు. ఒంటిగిట్టది ఏకశఫము, చీలుగిట్టది ద్విశఫము. క్రిందిదౌడయందే ముందుపండ్లు గలది ఏకతోదత్తు, రెంటను గలది ఉభయతోదత్తు. గుఱ్ఱము, గాడిద ఏకశఫములు, ఉభయతోదత్తులు. ఆవు, ఎనుము, మేక, గొఱ్ఱె ద్విశఫములు, ఏకతోదత్తులు. గిట్ట నశించినను మోకాటిక్రింది యెముక సాక్ష్యమిచ్చును: గుఱ్ఱమునకు దాని క్రిందికొన యొక్కటి, ఆవునకు కొన రెండుగా చీలి, పైన నిలువుగాడి కనబడును. నెమరువేయు జంతువులకు గిట్ట నొక్కదానినే లక్షణముగా జెప్పినచో పందియందు అతివ్యాప్తి కలుగును. దంతములను జేర్పగా నా దోషము తొలగును. పంది ఉభయతోదత్తు గదా.

అయినను ఆవునకు నెనుమునకు, మేకకు గొఱ్ఱెకు నీ లక్షణములు సమానములే. అచ్చట గ్రంథము చాలదు. నేటి పశువుల యెముకలను ప్రక్కనుంచుకొని పోల్చిచూడవలయును. కొమ్ముల విషయమున మన బడులలో మిక్కిలి పొరపాటు గలదు. దుప్పికొమ్ము గట్టియెముక, శాఖలు గలది, రాలి మరల మొలచునది. జింకకొమ్ము రాలదు, ఆవుకొమ్మువలె ఎముకపై తొడుగు. మట్టిలో తొడుగు క్రుళ్లి లోని మొన మాత్రమే మిగులును. రెంటిని "మృగము" అని చెప్పి విడుచుట యుపాధ్యాయునకు జెల్లదు.

ఎముకకంటె నది యున్న పొర ముఖ్యము. ఈ మూడుసీమలు 2016 వఱకు జేరియుండిన మహబూబునగరు మండలమున ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిను పండితుడు త్రవ్వించెను. బూడిదపొరల నడుమ పశువుల గిట్టలయచ్చులును, కంచెగుంజల గుంతలును గానవచ్చెను. ఆ బూడిద కాలిన పేడ. ఆ దిబ్బ నవీనశిలాయుగపు పశుపాలకుల దొడ్డి. పొరలు చెదరియుండిన నీ సంగతి తెలియకపోయెడిది. కావున గట్టున నంటియున్న యెముకను పెకలింపక, యెంత లోతున, నే మట్టిలో నున్నదో ముందుగా వ్రాసికొనవలయును.

తుంగభద్ర కావలి కర్నూలుసీమలో బిల్లసర్గము గుహలను బ్రూసు ఫుటు, ఆయన కుమారుడు 1884 ప్రాంతమున త్రవ్వించిరి. ఆ యెముకలను పరీక్షించిన లిడెక్కరు వానిలో ఖడ్గమృగమును గుర్తించి, దానికి కర్నూలుపేరనే నామకరణము చేసెను. అమరమున గండక, ఖడ్గ శబ్దములను వల్లెవేయించుచు, నీ మృగము మన దేశభాగమున నెన్నడును లేదని చెప్పువారు దీనిని గమనింతురు గాక. దాని పాదమునకు గిట్టలు మూడు, ఏకశఫమునుగాదు, ద్విశఫమునుగాదు.