మీ పనుల చీటీలో మీ ఆరోగ్యానికి చోటుందా?

నెల మొదటివారంలో పచారీ సామాన్లకి చీటీ వ్రాయని ఇల్లు అరుదు. ఆ చీటీ ఎలా వ్రాస్తారో గుర్తు తెచ్చుకోండి. "కందిపప్పు 2 కిలోలు, చింతపండు అరకిలో, ఇంగువ చిన్న డబ్బా 1." అంతేగాని "వంటకి కావలసినవి" అని వ్రాసి కొట్టుకి పంపరు కదా! మరి చెయ్యవలసిన పనుల చీటీ దగ్గరికి వచ్చేసరికి "బ్యాంకు పని", "ఇల్లు సర్దాలి", "ఆరోగ్యం చూసుకోవాలి" అని వ్రాసుకుని, సాయంత్రానికి ఒక్కటీ కాలేదని విసుక్కుంటాం.

వైద్యం శీర్షికలో ఈ చీటీల గొడవేమిటంటారా? చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా ఆసుపత్రికి ఒకాయనను తీసుకువచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రావటం లేదు. యాభై దాటిన గుమాస్తా. ఆఫీసులో ఆయనంత పద్ధతిగల మనిషి లేడని పేరట. వారం తర్వాత ఆయన భార్య ఒక డైరీ తెచ్చి నా బల్లమీద పెట్టింది. ప్రతి పేజీలో ఆనాటి పనులు, అయినవాటికి అడ్డగీత. కరెంటు బిల్లు, అమ్మాయి ఫీజు, తమ్ముడి స్థలం కాగితాలు, అన్నిటికీ గీత పడింది. "బి.పి. చూపించుకోవాలి" అన్న ఒక్క వాక్యం మాత్రం గీత పడకుండా పేజీ నుంచి పేజీకి ఏడు నెలలు నడుచుకుంటూ వచ్చింది. "మరిచిపోలేదు డాక్టరుగారూ, రోజూ వ్రాసుకున్నారు" అని ఆవిడ అంటుంటే నాకు జవాబు తోచలేదు.

నిజమే, ఆయన మరిచిపోలేదు. కరెంటు బిల్లుకి గడువుంది, దాటితే ఫ్యూజు పీకేస్తారు. బి.పి.కి గడువు పెట్టేవారెవరు? రక్తపోటు పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. తలనొప్పి వస్తేనే బి.పి. ఉన్నట్టు అనుకోవటం పొరపాటు. బాధ పెట్టని పని, వేళ లేని పని, చీటీలో ఎన్నాళ్ళయినా కూర్చుంటుంది. అదే వాక్యాన్ని "మంగళవారం ఉదయం 9 గంటలకి, ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆసుపత్రిలో దిగి బి.పి. చూపించుకోవాలి" అని వ్రాసి ఉంటే? ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే నిర్ణయించుకున్న పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరంగా వ్రాశాడు. మన పచారీ చీటీకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు!

ఇక రెండో రకం వారు. వీరికి చీటీయే ఉండదు, అంతా తలలోనే. ఎక్కువగా గృహిణులు. "నిద్రపట్టడం లేదండీ, ఒక మాత్ర వ్రాయండి" అంటూ వస్తారు. "పక్కమీద వాలగానే ఏం గుర్తొస్తుందమ్మా?" అని అడగండి. గ్యాసు బుక్ చెయ్యాలి, మామగారి మాత్రలు అయిపోవచ్చాయి, బాబు యూనిఫారం ఉతకలేదు, ఇలా పావుగంట చెబుతారు. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి పరీక్షించింది. పడుకునే ముందు అయిదు నిమిషాలు, కొందరిచేత రాబోయే పనులు, కొందరిచేత అయిపోయిన పనులు వ్రాయించారు. రాబోయే పనులు వ్రాసినవారు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా వ్రాస్తే అంత త్వరగా నిద్ర! ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అందరూ ఆరోగ్యవంతులైన యువకులే కనుక, ఇది నిద్రలేమికి మందని నేననను. కాని ఖర్చు లేదు, దుష్ఫలితం లేదు. కాగితంమీదే వ్రాయండి. సెల్‌ఫోను తెరిస్తే చీటీ వ్రాయటం మాని ఇంకేదో చూస్తూ కూర్చుంటారు.

ఎన్ని వ్రాయాలి? నన్నడిగితే అయిదు దాటవద్దంటాను. ఇరవై వ్రాసి నాలుగు చేసినవారు, చేసిన నాలుగూ మరిచి మిగిలిన పదహారుకీ కుమిలిపోతారు. ఒక పని మూడు రోజులు వాయిదాపడితే దానికి వేళ పెట్టండి, లేదా చిన్న ముక్క చెయ్యండి, లేదా కొట్టివెయ్యండి. ఇంకొకరికి అప్పగించినా మంచిదే. గృహిణుల చీటీ వంటింటి గోడకి అంటించమంటాను. అందులో తమ పనులూ ఉన్నాయని అయ్యగారూ, పిల్లలూ చదువుకోవాలి కదా!

రోజూ వేసుకునే మాత్రలు ఈ చీటీలో వద్దు. వాటిని పళ్ళు తోముకోవటం, రాత్రి భోజనం లాంటి తప్పని అలవాటుతో ముడిపెట్టి, వేసుకోగానే కాలెండరుమీద గుర్తు పెట్టండి. తిండికి ముందో, తర్వాతో మీ డాక్టరునడిగే నిర్ణయించుకోండి.

చీటీ చూసి పనిచెయ్యటం చిన్నతనమనుకునేవారికి ఒక మాట. మా డాక్టర్లలోనూ అలా అనుకున్నవారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి 19 అంశాల పట్టిక తయారుచేసి, ఢిల్లీతో సహా 8 నగరాల్లోని 8 ఆసుపత్రులలో పరీక్షించింది. 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. ఆ పట్టికలో ఉన్నవి గొప్ప రహస్యాలు కావు. రోగి పేరు, ఆపరేషన్ ఏ వైపు, గుడ్డముక్కల లెక్క, ఇలాంటివే.

డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు కూడా చిన్న చీటీ తెండి. బాధ ఎన్నాళ్ళనుంచి, ఏ మాత్రలు వాడుతున్నారు, ఏమడగాలి, మూడు వాక్యాలు చాలు. చీటీ వ్రాసుకుంటున్నా వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పనిమీదా మనసు పోకపోయినా, విపరీతమైన నీరసం, మతిమరుపు ఉన్నా అది బద్ధకమని తిట్టుకోకండి. దిగులు జబ్బు, థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ లోపం, వీటిలో ఏదైనా కావచ్చు. ఇంట్లో పెద్దవారు తాము వ్రాసుకున్న చీటీనే ఎవరు వ్రాశారని అడుగుతుంటే, వయసులే అని వదిలెయ్యక, ఏ రోజున ఎవరు ఆసుపత్రికి తీసుకువెళ్ళేదీ ఈ రాత్రికే మీ చీటీలో వ్రాయండి.