మేపుల్ సిరప్ ఎందుకు.. మన తాటిపాకం ఉందిగా!

పాన్‌కేక్ మీద మేపుల్ సిరప్ పోసే రీల్ ఒకటి చూశారు మా అక్క పిల్లలు. ఇక మొదలు.. ‘మామా, మనమూ చేద్దాం’ అని ఒకటే గొడవ. మేపుల్ చెట్లేమో కెనడా, అమెరికా చలి ప్రాంతాల్లో ఉంటాయి. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉంటేనే వాటి నుంచి నీరు కారుతుంది. నెల్లూరులో అదెక్కడ కుదురుతుంది? కానీ మైపాడు వైపు వెళ్తే ఇసుక నేలల్లో తాటిచెట్లున్నాయి. వాటి నీరా కాచినా వచ్చేది సిరప్పే!

పైగా లెక్క మనకే లాభం. మేపుల్ నీటిలో చక్కెర సుమారు 2 శాతమే. అందుకే లీటరు సిరప్‌కి దాదాపు 40 లీటర్లు కాచాలి. తాటి నీరాలో చక్కెర 10 శాతం పైనే ఉంటుంది. 7, 8 లీటర్లు చాలు.

మొదటిరోజు మాత్రం బోల్తా పడ్డాం. తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్లి తెచ్చుకుంటే, ఇంటికొచ్చేసరికి సీసా నిండా నురగ, పుల్లటి వాసన. మర్నాడు చెబితే చెట్టెక్కే తాత నవ్వాడు. ‘పొద్దెక్కినాక అది నీరా కాదబ్బయ్యా, కల్లు!’ అన్నాడు. పిల్లలకు పనికిరాదని అంతా పారబోశాం.

నీరా పులియకుండా ముంత లోపల సున్నం పూస్తారు. సూర్యుడు రాకముందే దించుతారు. అందుకే ముందురోజే చెప్పి పెట్టుకోవాలి.

ఇలా చేశాం

• 5 లీటర్ల నీరాను కాసేపు కదపకుండా ఉంచాం. సున్నం అడుగుకు దిగాక పైది పలుచటి గుడ్డతో వడకట్టాం. ఇది పిల్లల పని.

• వెడల్పాటి గిన్నెలో కాచాం. పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి. పాకం మీద పడితే మామూలు నీళ్లకన్నా ఎక్కువగా కాలుతుంది.

• నురగ పొంగుతుంటే చుక్క కొబ్బరినూనె వేస్తే అణిగిపోతుంది. పైన తేలే మడ్డి తీసేస్తుండాలి.

• రెండు గంటలు దాటాక రంగు మారింది. చల్లారిన చుక్కను వేళ్ల మధ్య పట్టి తీగ సాగుతోందా అని చూడటం మళ్లీ పిల్లల వంతు. సాగగానే దించేయాలి. ఇంకా కాస్తే అది తాటిబెల్లం.

చివరికి వచ్చింది ముప్పావు లీటరు లోపే! ‘ఇంతేనా?’ అని చిన్నది మొహం వేలాడేసింది. దోసె మీద పోసుకుని తిన్నాక మాత్రం గిన్నె కూడా నాకేసింది.

సాయంత్రం తాతకు చిన్న సీసాలో పాకం ఇచ్చొచ్చాం. అప్పుడే ఆయన నడుముకు మోకు కట్టుకుని మళ్లీ చెట్టెక్కుతున్నాడు. గెల చివర రోజూ పలచగా చెక్కకపోతే ధార ఆగిపోతుందట. ‘తాతా, మీ అబ్బాయి ఎక్కడా?’ అని అడిగాడు పెద్దోడు. ‘వాడు చెన్నైలో ఉండాడు. ఈ పని వద్దని నేనే పంపించా. పడితే నడుం పోద్ది’ అన్నాడాయన.

తిరిగొస్తూ పిల్లలిద్దరూ ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పెద్దోడు సీసా మీద లేబుల్ అంటించాడు. ‘తాటిపాకం.. చెట్టు ఎక్కింది తాత, కాచింది మేము’ అని రాశాడు.

ఈ ఎండాకాలం మీరూ ప్రయత్నించండి. నీరా దగ్గర మాత్రం బేరం ఆడకండి.